గుడికి తుపాకీ కాపలా పెట్టాలా? కమిటీలో గొడవ పడి వచ్చాను

పెన్నేటిగట్టు
మాది ఒహాయోలో చిన్న ఊరు. పదేళ్ళ కిందట మూతబడిన చర్చి భవనం ఒకటి కొనుక్కుని గుడి చేసుకున్నాం. మామూలు రోజుల్లో పదిమంది వస్తే గొప్ప. వైకుంఠ ఏకాదశికి మాత్రం ఆరేడు వందలమంది వస్తారు. పోయిన నెల గుడి పోస్టు డబ్బాలో ఎవరో ఒక కాగితం పడేసి పోయారు. మీ దేశానికి పొండి, లేకపోతే తగలబెడతాం అని రాసుంది. కింద ఏవో అంకెలూ గుర్తులూ. పంతులుగారు దాన్ని చించి చెత్తబుట్టలో వేసేశారు. భక్తులు భయపడతారని ఆయన ఉద్దేశం. నాకు తెలిసింది పది రోజుల తర్వాత.

మొన్న కమిటీలో ఇదే రచ్చ. సగంమంది తుపాకీ ఉన్న గార్డు ఉండాల్సిందే అన్నారు. సగంమంది "మన జోలికి ఎవరొస్తారు, వాళ్ళ కోపమంతా ముస్లింల మీద, యూదుల మీద" అన్నారు. ఆ రెండో మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. మీ గుళ్ళల్లో ఏం చేశారు? నిజంగా పనికొచ్చిందేది, డబ్బు దండగ అయిందేది?

ఉప్పాడ_అల
ముందు పంతులుగారికి చెప్పండి, అలాంటివి చించకూడదని. నలుగురి చేతులూ తగలకుండా ఒక కవర్లో పెట్టి పోలీసులకివ్వాలి. చించేసినా సరే, ఏం రాసుందో ఆయనకి గుర్తున్నంత వరకూ తేదీతో సహా రాయించి పెట్టుకోండి.

తణుకు_టు_టెక్సాస్
గార్డుని పెట్టేయండి, ఇందులో ఆలోచించేదేముంది? మా దగ్గర పెద్ద చర్చిలన్నిట్లోనూ ఉంటారు. దేవుడి దగ్గర ఆయుధమేంటి అనేవాళ్ళని ఒకసారి బెజవాడ దుర్గమ్మ చేతుల్లో ఏమున్నాయో చూసి రమ్మనండి 🙂

మిల్వాకీ_మామిడి
"మన జోలికి ఎవరొస్తారు" అన్నారు చూడండి, దాని గురించి చెప్పాలి.

నేనుండే చోటికి ఇరవై నిమిషాల దూరంలో ఓక్ క్రీక్ గురుద్వారా ఉంది. 2012 ఆగస్టు 5, ఆదివారం పొద్దున. లోపల లంగరు (వచ్చినవాళ్ళందరికీ పెట్టే ఉచిత భోజనం) వంట జరుగుతోంది. శ్వేతజాతి ఆధిక్యవాద ముఠాల్లో తిరిగిన ఒక మాజీ సైనికుడు తుపాకీతో వచ్చాడు. బయట ఆడుకుంటున్న ఇద్దరు చిన్నపిల్లలు వాణ్ణి చూసి లోపలికి పరిగెత్తి చెప్పబట్టి వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు సామాన్ల గదిలో దాక్కోగలిగారు. ఆరుగురు పోయారు. ఏడో ఆయన పక్షవాతంతో ఏడేళ్ళకు పైగా మంచంలో ఉండి 2020లో పోయారు. ముందుగా వచ్చిన పోలీసు లెఫ్టినెంట్ బ్రయన్ మర్ఫీ ఒంట్లోకి 15 తూటాలు దిగాయి, అయినా బతికారు.

అప్పట్లో మనవాళ్ళందరూ ఒకే మాట, నాతో సహా: "పాపం, ముస్లింలనుకుని పొరబడ్డాడు." మా ఆఫీసులో ఒక సర్దార్జీ ఉండేవారు. ఆ మాట అన్నప్పుడు నన్ను చూసి చాలా నెమ్మదిగా అడిగారు: "అయితే సరైన అడ్రసుకి వెళ్ళి ఉంటే బాగుండేదా?" ఇప్పటికీ ఆయన మొహం గుర్తొస్తుంది. ఆ మాట అనడం ఆ రోజుతో మానేశాను.

ఓరుగల్లు_పిల్ల
ఒలేతే మర్చిపోయిన్రా అందరు? 2017 ఫిబ్రవరి 22, కాన్సస్. మన హైదరాబాద్ నుంచి పోయిన ఇంజనీరు, దోస్తుతోని కూసుండి డ్యూటీ అయినంక ఒక బీరు తాగుతున్నడు. ఒకడొచ్చి "నా దేశంలకెంచి పొండి" అని ఒర్లి కాల్చిండు. ఇరాన్ వాళ్ళనుకున్నడట. ఆపనీకి లేచిన తెల్ల పిలగానికి గూడ తూటా తగిలింది. ఆ వారం మా అమ్మ రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేది. బయట తెలుగు మాట్లాడకున్రి అని సంఘాలోళ్ళు సలహాలిచ్చిన్రు గప్పుడు, యాదికుందా? నేను మాత్రం బస్సుల కావాలని గట్టిగ మాట్లాడిన.

రాత్రి_షిఫ్ట్
ఒక్క అతిమితవాదుల (ఫార్ రైట్ వాళ్ళ) గురించే ఎందుకు? 2022లో టెక్సాస్‌లోని కోలీవిల్‌లో యూదుల ప్రార్థనామందిరం, సినగాగ్‌లో జనాన్ని బందీలుగా పట్టుకున్నవాడు వీళ్ళ బాపతు కాదుగా.

పిట్స్‌బర్గ్_కోడలు
@రాత్రి_షిఫ్ట్ కాదు, నిజమే. కానీ అక్కడ రబ్బీ (యూదుల మతగురువు) నేర్చుకున్న శిక్షణే ఆయన్ని కాపాడింది. సమయం చూసి కుర్చీ విసిరి, మిగిలినవాళ్ళతో బయటికి పరిగెత్తారు. తలుపు దగ్గరికి ఎవడొచ్చినా మనం చేయాల్సింది ఒకటే. కాకపోతే వాడు ఎలా తయారవుతున్నాడన్నది ఒక్కో బాపతుకీ ఒక్కోలా ఉంటుంది, దాన్ని విడిగానే చూడాలి.

మాకు పెన్ హిల్స్ వెంకన్న గుడి దగ్గర. ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్ అక్కడికి అరగంట దూరం కూడా లేదు. 2018 అక్టోబర్ 27న అక్కడ ఒకడు 11 మందిని చంపాడు. వాడి కోపానికి కారణమేంటో తెలుసా? యూదుల సంస్థ ఒకటి శరణార్థులకి సాయం చేస్తోందని. అంటే మనలాగా బయటి నుంచి వచ్చినవాళ్ళని రానిస్తున్నారని. ఇంక "వాళ్ళ మీద కోపం, మన మీద కాదు" అనే గీత ఎక్కడ గీస్తారు?

ఒక చిన్న విషయం చెప్తా. శనివారం సబ్బాత్ (వాళ్ళ విశ్రాంతి దినం) రోజు వాళ్ళు ఫోన్ ముట్టుకోరు. కానీ అంతకు ముందు సెక్యూరిటీ సలహాదారు చెప్పారని రబ్బీ మయర్స్ ఆ నియమం పక్కన పెట్టి ఫోన్ దగ్గరుంచుకున్నారు. ఆ ఫోన్‌తోనే లోపల్నుంచి 911కి చేశారు. మా గుళ్ళో అర్చకస్వాములు గర్భగుడిలోకి ఫోన్ తీసుకెళ్ళరు. ఈ కథ చెప్పాక మంటపం స్తంభం వెనక ఒక ల్యాండ్‌లైన్ పెట్టించాం.

తణుకు_టు_టెక్సాస్
అక్కా, అదే నేనంటున్నది. గార్డు ఉంటే ఫోన్ దాకా వచ్చేదే కాదు.

పిట్స్‌బర్గ్_కోడలు
ఓక్ క్రీక్‌లో శిక్షణ పొందిన పోలీసుకే 15 తూటాలు తగిలాయి తమ్ముడూ. గార్డు వద్దనట్లేదు. గార్డుని పెట్టేశాం కదా అని మిగతావన్నీ మర్చిపోతారనే నా భయం.

బెర్లిన్_బాబాయ్
తలుపు గురించి ఎవరూ మాట్లాడట్లేదు. 2019 అక్టోబర్ 9, జర్మనీలో హాలె ఊరు, యోమ్ కిప్పుర్. సినగాగ్‌లో యాభైమంది దాకా ఉన్నారు. అంత పెద్ద పండగ రోజున బయట ఒక్క పోలీసు కాపలా లేదు. తుపాకీతో వచ్చినవాడు తలుపు మీద కాల్చాడు, పేలుడు పదార్థాలు విసిరాడు. తలుపు ఊడలేదు. లోపలున్నవాళ్ళు కెమెరా తెర మీద వాణ్ణి చూస్తూ కుర్చీలూ బల్లలూ అడ్డం పెట్టుకున్నారు. లోపలికి పోలేక దారిన పోయే ఒకావిణ్ణి, దగ్గర్లో కబాబ్ అంగట్లో ఒక కుర్రాణ్ణి చంపాడు. అదే అసలు బాధ. తలుపు లోపలివాళ్ళనే కాపాడింది, వీధిని కాపాడలేకపోయింది.

అందుకని తలుపు మంచిది పెట్టండి. కానీ వాడు తలుపు దాకా రాకముందు ఏం చేయొచ్చో కూడా అడగండి.

ఆక్లాండ్_అక్క
బాబాయ్ గారి చివరి మాట దగ్గర్నుంచి అందుకుంటా. ఇది పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

క్రైస్ట్‌చర్చ్, న్యూజీలాండ్, 2019 మార్చి 15, శుక్రవారం ప్రార్థన వేళ. అల్ నూర్ మసీదు, లిన్‌వుడ్ ఇస్లామిక్ సెంటర్. ఒకడు తుపాకీతో వచ్చి కాల్చాడు, 51 మంది పోయారు. వాళ్ళలో మన హైదరాబాద్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళూ ఉన్నారు. ఆ శనివారం మా తెలుగు సంఘంవాళ్ళం వండుకుని ఆస్పత్రి బయట కూర్చున్నాం, ఎవరికి పెట్టాలో కూడా తెలీదు. అటు హైదరాబాద్‌లో తల్లిదండ్రులు వీసా కోసం పరిగెత్తుతున్నారు. చంపినవాడి పేరు అప్పటి మా ప్రధాని జసిండా ఆర్డెర్న్ పలకనన్నారు. నేనూ పలకను.

తర్వాత రాయల్ కమిషన్ (ప్రభుత్వ విచారణ సంఘం) వేశారు, 2020 డిసెంబర్‌లో నివేదిక బయటపెట్టారు, 44 సిఫార్సులు. అందులో నన్ను పట్టుకున్నవి రెండు. ఒకటి తుపాకీ లైసెన్సు. దరఖాస్తుదారు గురించి బాగా తెలిసినవాళ్ళని పోలీసులు అడగాలి. వీడి విషయంలో అడిగింది ఆన్‌లైన్ ఆటల్లో పరిచయమైన ఒక స్నేహితుణ్ణి, ఆ స్నేహితుడి ఇంట్లో పెద్దవాళ్ళని! పెళ్ళి సంబంధానికి మనం ఇంతకంటే ఎక్కువ విచారిస్తాం. రెండోది, నిఘా సంస్థల దృష్టంతా ఇస్లామిక్ ఉగ్రవాదం మీదే ఉండిపోయింది. వీళ్ళని చూడాల్సినంత చూడలేదు. ఇక్కడి ముస్లిం మహిళల సంఘంవాళ్ళు మాకు వేధింపులు పెరిగాయి, భయంగా ఉంది అని అంతకు ముందే ప్రభుత్వం చుట్టూ తిరిగారు. వినాల్సినంత వినలేదు.

ఇంకోటి. వాడు ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షప్రసారం చేశాడు. ప్రసారం నడుస్తున్నప్పుడు చూసింది 200 మంది లోపే. ఆ కాసేపట్లో ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చేయలేదు. మొదటి 24 గంటల్లో దాని కాపీలు 15 లక్షలు తీసేయాల్సి వచ్చింది. పెన్నేటిగట్టు గారూ, మీ కాగితాన్ని చెత్తబుట్టలో వేయడమూ ఇలాంటిదే. కళ్ళబడినప్పుడు ఒకరు చెప్పాలి.

తుపాకీ చట్టం మాత్రం నెల తిరక్కుండా మార్చారు. ఏప్రిల్ 10న పార్లమెంటులో 119 మంది అవునన్నారు, ఒక్కరే కాదన్నారు.

చెన్నూరు_చింత
లిన్‌వుడ్‌లో ఒకాయన కార్డులు గీకే మిషన్ పట్టుకుని వాణ్ణి తరిమాడు కదా?

ఆక్లాండ్_అక్క
అవును, అబ్దుల్ అజీజ్. చేతికి దొరికిందే ఆయుధం. వాడు పారేసిన ఖాళీ తుపాకీ తీసుకుని వాడి కారు అద్దం పగలగొట్టాడు. న్యూజీలాండ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చారు. అదే ఏడాది నార్వేలో, ఓస్లో పక్కన బేరమ్ మసీదులో 65 ఏళ్ళ పెద్దాయన తుపాకీ ఉన్న కుర్రాణ్ణి కింద పడేసి పోలీసులొచ్చేదాకా అదిమి పట్టాడు. వీళ్ళకి దండం పెడతా. కానీ నమాజుకి వచ్చిన మనిషి వీరుడు కావాల్సిన అవసరం రాకూడదు.

మిల్వాకీ_మామిడి
అక్క చెప్పిన "వినలేదు" అన్నది అమెరికాలోనూ జరిగింది. 2009 ఏప్రిల్‌లో హోంల్యాండ్ సెక్యూరిటీలో (దేశ అంతర్గత భద్రతా శాఖలో) డారిల్ జాన్సన్ అనే విశ్లేషకుడి బృందం ఒక నివేదిక ఇచ్చింది. అతిమితవాద ముఠాలు పెరుగుతున్నాయి, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళని చేర్చుకోవాలని చూస్తున్నాయి అని. సైనికులని అవమానించారని రాజకీయంగా గోల లేచి నివేదిక వెనక్కి తీసుకున్నారు, బృందాన్ని కూడా చెదరగొట్టారు. మూడేళ్ళకి ఓక్ క్రీక్. వచ్చింది మాజీ సైనికుడు.

గోంగూర_అమ్మ
ఇన్నాళ్ళూ ఈ వేదికలో వంటల విభాగంలో తప్ప ఎక్కడా రాయలేదు. ఇది రాయాలా వద్దా అని నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నా.

మా అబ్బాయికి 15. ఆటలు ఆడుకునే గ్రూపులో ఎవరో పరిచయమయ్యారు. మొదట జోకులు. యూదుల మీద, తర్వాత ముస్లింల మీద, తర్వాత నల్లవాళ్ళ మీద. భోజనాల దగ్గర ఒక జోకు చెప్పి వాడే నవ్వాడు. మావారు కూడా ముస్లింల జోకుకి కొంచెం నవ్వారు, అది దాచను. ఒకరోజు వాడి గదిలోకి పాలు తీసుకెళ్తే తెర మీద ఆక్లాండ్ అక్క చెప్పిన ఆ వీడియోనే. దాని మీద ఆటలోలాగా మార్కులు వేసి ఎవరో తయారుచేశారు. పాలగ్లాసు అక్కడే పెట్టి బయటికొచ్చేశాను. కాళ్ళు వణికాయి.

ఆ గ్రూపువాళ్ళు ద్వేషించే జనం జాబితాలో నా కొడుకు రంగు కూడా ఉంది. ఆ సంగతి వాడికి తట్టట్లేదు.

ఫోన్ లాక్కున్నాం, తిట్టాం, మావారు చరిత్ర పాఠం చెప్పారు. ఇంకా బిగుసుకుపోయాడు. బళ్ళో చెప్తే "పిల్లల వయసులో ఇవి మామూలే" అన్నారు. చివరికి కాస్త పనిచేసింది ఏంటంటే, వాణ్ణి వాదనలో ఓడించడం మానేయడం. ఆ గ్రూపులో ఎవరంటే నీకిష్టం, ఎందుకు అని అడిగా. "నేను రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టినా జవాబిచ్చేది వాళ్ళే" అన్నాడు. మేమిద్దరం షిఫ్టుల్లో ఉంటాం. ఆ మాటతో నాకు సగం అర్థమైంది. ఇప్పుడు మా పక్కింటి సర్దార్జీ కొడుకుతో కలిసి ఆదివారాలు గురుద్వారాలో గిన్నెలు కడుగుతున్నాడు. మారిపోయాడని చెప్పను. జోకులు మాత్రం ఆగాయి.

ఓరుగల్లు_పిల్ల
అక్కా, మస్తు ధైర్యం చేసి రాసినవ్. నీకు పెద్ద దండం.

బెర్లిన్_బాబాయ్
అమ్మా, మీరు మీ అంతట కనిపెట్టిన పద్ధతే ఇక్కడ ఎగ్జిట్ డాయిష్‌లాండ్ వాళ్ళది. 2000లో బెర్ండ్ వాగ్నర్ అనే మాజీ పోలీసు అధికారి, ఇంగో హాసెల్‌బాఖ్ అనే మాజీ నియో నాజీ కలిసి మొదలుపెట్టారు. బయటికి రావాలని వాడే తలుపు తట్టాలి, వీళ్ళు వెంటపడరు. వచ్చాక ఇల్లు, పని, పాత ముఠా నుంచి రక్షణ. సిద్ధాంతం మీద చర్చ నెమ్మదిగా. 500 మందికి పైగా అలా బయటికొచ్చారు. అమెరికాలో లైఫ్ ఆఫ్టర్ హేట్ అని ఉంది, దాన్నీ అలా బయటికొచ్చినవాళ్ళే పెట్టారు. తల్లిదండ్రులూ ఫోన్ చేయొచ్చు.

వీళ్ళ పని ఒకటి చెప్తే మనసు తేలికవుతుంది. వున్‌సీడెల్ అనే ఊళ్ళో నియో నాజీలు ఏటా ఊరేగింపు చేసేవారు. ఊరివాళ్ళు వద్దన్నకొద్దీ ఎక్కువమంది వచ్చేవారు. 2014లో ఊరివాళ్ళూ వ్యాపారులూ కలిసి, వాళ్ళు నడిచే ఒక్కో మీటరుకి 10 యూరోలు ఎగ్జిట్ సంస్థకే విరాళమన్నారు. దారి పొడుగునా "ఇంకా నడవండి" అని రంగుల బోర్డులు, మధ్యలో అరటిపళ్ళు. ఆ రోజు వాళ్ళ నడకతో వాళ్ళకి వ్యతిరేకంగా 10,000 యూరోలు పోగయ్యాయి.

తణుకు_టు_టెక్సాస్
ఇది మా నాన్నకి చెప్తే పడీపడీ నవ్వారు. అరటిపళ్ళు మాత్రం అదిరింది.

చార్మినార్_చాయ్
అంతా చదివిన. మంచిగ మాట్లాడుతున్నరు. కానీ ఒక మాట అడగాలె, కోపం చేసుకోకున్రి. అమెరికాల మనం కొద్దిమందిమి గనక ఈ భయం మనకు తెలుస్తుంది. అక్కడ మన ఊర్ల ఎక్కువమందిమి ఉన్నప్పుడు, మసీదు ముంగట డీజే పెట్టి పాటలు పాడే పిలగాండ్లను చూసి "పండగ ఉషారు" అంటం. మా ఇంట్ల ఆ రోజు కిటికీలు మూస్తరు.

రాత్రి_షిఫ్ట్
ఇక్కడి సంగతి మాట్లాడుతుంటే అక్కడిది ఎందుకు తెస్తారు? రాళ్ళు రెండు వైపుల నుంచీ పడతాయి.

నిర్వాహకుడు
రాజకీయ పార్టీల పేర్లున్న మూడు పోస్టులు తీసేశాను. చార్మినార్_చాయ్ గారి పోస్టు ఉంటుంది, అది సొంత అనుభవం. ఎవరి మతాన్నీ అనకుండా మాట్లాడండి.

చార్మినార్_చాయ్
రాళ్ళ లెక్క కోసం రాలే అన్నా. మంచిది గూడ చెప్త ఇను. 2023ల గణేష్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండు ఒక్క దినమే పడ్డయి, సెప్టెంబర్ 28. మా దిక్కు మిలాద్ జులూస్ (ఊరేగింపు) కమిటీ పెద్దలు కూసోని, పోలీసులతోని మాట్లాడి, జులూస్‌ను అక్టోబర్ 1కి జరిపిన్రు. మొత్తం శహర్ ఊపిరి తీసుకుంది. మా అబ్బ పోలీస్ స్టేషన్ల శాంతి కమిటీ మీటింగులకు ఇరవై ఏండ్లు పోయిండు. అక్కడ చాయ్ తాగుడు తప్ప ఏం గాదని అందరు నవ్వేది. అర్ధరాత్రి ఏదన్న పుకారు లేస్తే మాత్రం ఆయన ఫోన్ల గణేష్ మండపం వాళ్ళ నంబర్ ఉండేది, వాళ్ళ ఫోన్ల ఈయన నంబర్ ఉండేది. ఒహాయో అన్న, మీ దగ్గర మసీదు వాళ్ళ నంబర్ మీ ఫోన్ల ఉందా?

పెన్నేటిగట్టు
లేదు. మసీదు ఎక్కడుందో కూడా నాకు తెలీదు.

లండన్_లంక
చాయ్ గారి ప్రశ్న చాలా పెద్దది. 2024 జులైలో ఇక్కడ ఇంగ్లండ్‌లో సౌత్‌పోర్ట్‌లో పిల్లల్ని పొడిచినవాడు ముస్లిం శరణార్థి అని అబద్ధపు పుకారు పుట్టింది. మర్నాడే మసీదు మీద పడ్డారు, ఇటుకలు విసిరారు. పొద్దున్నే ఊళ్ళో తాపీ పనివాళ్ళు వచ్చి గోడ మళ్ళీ కట్టిపెట్టారు. గోడ కట్టినవాళ్ళ ముందు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ పుకారు పుట్టిన రాత్రే ఆ స్నేహం పనిచేసి ఉంటే గోడ కూలేదే కాదు.

ఖర్చుల_లెక్క
డబ్బు సంగతి అడిగారుగా. ఫెడరల్ ప్రభుత్వానికి లాభాపేక్షలేని సంస్థల భద్రతా గ్రాంటు ఒకటుంది, ఫెమా (విపత్తుల నిర్వహణ సంస్థ) ద్వారా. నేరుగా ఇవ్వరు, మీ రాష్ట్ర సంస్థ ద్వారా పెట్టుకోవాలి. మా గుడి 2023లో పెట్టింది. ఆ ఏడాది ఒక్కో చోటుకి 1,50,000 డాలర్ల దాకా పరిమితి. ముందు భవనం బలహీనతలు అంచనా వేయించాలి. సీసా (CISA) అనే ఫెడరల్ భద్రతా సంస్థ సలహాదారులు వచ్చి ఉచితంగా చూస్తారు. మీకొచ్చిన బెదిరింపులకి పోలీసు రిపోర్టు ఉంటే దరఖాస్తు బలపడుతుంది. చించేసిన కాగితానికి రిపోర్టు ఉండదు కదా! ఇంకో మెలిక, ముందు మన జేబులోంచి పెట్టి తర్వాత తిరిగి తీసుకోవాలి.

మేం చేసిన తప్పు చెప్తా. ఉన్నదంతా కెమెరాలకి పెట్టాం. కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది, అంతే. తలుపులకీ, పార్కింగ్‌లో దీపాలకీ ముందు పెట్టాల్సింది.

పెన్నేటిగట్టు
మూడు వారాల తర్వాత వస్తున్నా. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

పంతులుగారు బాధపడ్డారు, గుర్తున్నదంతా కూర్చుని రాశారు. అది తీసుకుని స్టేషన్‌కి వెళ్తే అక్కడి అధికారి డ్రాయర్లోంచి ఒక కవరు తీశారు. అవే అంకెలు, అవే గుర్తులు. మా ఊళ్ళో నల్లజాతివాళ్ళ చర్చికీ, మసీదుకీ అదే వారంలో వచ్చాయట. ఆ రెండు చోట్లవాళ్ళు దాచిపెట్టి ఇచ్చారు. మేం ఒక్కళ్ళమే చించేశాం. విచారణ నడుస్తోంది, అంతకుమించి రాయకూడదు.

చర్చి పాస్టరమ్మనీ, మసీదు కార్యదర్శినీ గుడికి పిలిచాం. పులిహోర పెట్టాం. ఇప్పుడు మా ముగ్గురి ఫోన్లలో ముగ్గురి నంబర్లు ఉన్నాయి, చాయ్ గారూ.

అగ్నిమాపకశాఖ ఆయన వచ్చి భవనమంతా చూశారు. తుపాకీ గురించి ఒక్క మాట అనలేదు. ముందు గుమ్మం దగ్గర ఆగి, ఈ చెప్పులేంటి అన్నారు. పండగ రోజు మోకాలెత్తు కుప్ప. ఒకేసారి అందరూ బయటికి పరిగెత్తాల్సి వస్తే ఆ చెప్పుల మీదే పడి తొక్కుకుంటారు అన్నారు. రెండో దారేది అని అడిగితే ఉత్తర ద్వారం చూపించాం. ఏడాదికి ఒక్కరోజు, ముక్కోటికి తెరుస్తాం, మిగతా 364 రోజులూ తాళం అని చెప్పాం. ఆయన నమ్మలేదు. దానికి లోపల్నుంచి నెడితే తెరుచుకునే కడ్డీ బిగించాలన్నారు. ద్వారం శాస్త్రప్రకారం మూసి ఉంచాలని ఒకరిద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. బయటినుంచి మూసే ఉంటుంది, ప్రాణం మీదికొస్తే లోపల్నుంచి మాత్రం తెరుచుకుంటుంది, స్వామి కాదనడు అని పంతులుగారే తేల్చేశారు. పోయిన శనివారం బిగించాం.

గార్డు సంగతి ఇంకా తేలలేదు. పండగలకి మాత్రం డ్యూటీలో లేని పోలీసుని పిలుద్దామని ఒక మాట అనుకున్నాం. వచ్చే నెల ఓటు.

గోంగూర_అమ్మ
చెప్పులు ఎక్కడ పెడుతున్నారు ఇప్పుడు? మా గుళ్ళోనూ అదే కుప్ప.

పెన్నేటిగట్టు
పార్కింగ్ వైపు గోడకి ఇనప స్టాండ్లు కొట్టించాం, పైన రేకు వేశాం. మా కమిటీలో ఒకాయన వెల్డింగ్ చేశారు, 300 జతలు పడతాయి. కొలతలు మెసేజ్ చేస్తానమ్మా.